పళ్లెం దాకా వెళ్లి చూడండి
పిల్లల పోషణ, ఆటల కార్యక్రమాలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. బడిలోనో అంగన్‌వాడీలోనో పిల్లలకు తిండి పెడుతున్నారు, ఆటలు ఆడిస్తున్నారు. అవి పిల్లలకు నిజంగా మేలు చేస్తున్నాయో లేదో ఎలా తేల్చాలి? వాటిలో ఐదు ఉత్తరాలను ఇక్కడ తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను. మిగిలిన నాలుగింటికీ కావలసిన మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాల. 84 మంది పిల్లలు. మా ఊరి నుంచి వెళ్లి బెంగళూరులో స్థిరపడిన కొందరు కలిసి, నిరుడు జూన్ నుంచి ప్రతి సాయంత్రం పిల్లలకు ఒక వేరుశనగ ఉండ ఇప్పిస్తున్నారు, బడి వదిలాక అరగంట ఆటలు ఆడిస్తున్నారు. జూన్‌లో తూచినప్పటికీ మార్చిలో తూచినప్పటికీ పిల్లలు సగటున రెండు కిలోల దాకా పెరిగారు. దాతలు సంతోషించి, చుట్టుపక్కల ఊళ్లకు కూడా విస్తరిస్తామంటున్నారు. ఫలితాల నివేదిక నన్ను రాయమన్నారు. రాయడానికి మనసు ఒప్పడం లేదు. నా సందేహం సరైనదేనా? (ఒక ప్రధానోపాధ్యాయురాలు)

సమాధానం: అమ్మా, మీ సందేహం నూటికి నూరుపాళ్లు సరైనది. ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు, ఏ ప్రత్యేక కార్యక్రమమూ లేకపోయినా, ఏడాదికి రెండు మూడు కిలోల బరువు, ఐదారు సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతారు. కనుక తొమ్మిది నెలల్లో రెండు కిలోలు పెరిగారన్న మాట పిల్లలు పెరిగే వయసులో ఉన్నారని మాత్రమే చెబుతుంది, ఉండ గురించి ఏమీ చెప్పదు. ఆ ఉండ తినకపోతే ఎంత పెరిగేవారో తెలిస్తేనే, తిన్నందువల్ల ఎంత పెరిగారో తెలుస్తుంది.

ఆ పోలికను తెచ్చుకోవడానికి మీకు రెండు దారులున్నాయి. మొదటిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2007లో విడుదల చేసిన ఎదుగుదల పట్టికలు. ప్రతి బిడ్డ వయసును నెలల్లో లెక్కగట్టి, ఆ వయసుకు ఉండవలసిన మధ్యస్థ కొలతకు బిడ్డ ఎంత దూరంలో ఉందో జూన్‌లో ఒకసారి, మళ్లీ జూన్‌లో ఒకసారి చూస్తే, ఆ దూరం తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా అన్నది తెలుస్తుంది. కిలోలు అందరికీ పెరుగుతాయి. దూరం తగ్గడమే అసలైన వార్త. రెండోది, ఉండలు అందని, మీలాంటి మరొక బడిని ఎంచుకుని, అక్కడి పిల్లలను కూడా అవే నెలల్లో, అదే తూకం యంత్రంతో తూచడం.

ఈ రెండో దారి మీ చేతికి ఇప్పుడు సులువుగా అందుతుంది, ఎందుకంటే దాతలు ఇతర ఊళ్లకు వెళ్లాలనుకుంటున్నారు. ఒకేసారి అన్ని ఊళ్లలో మొదలుపెట్టవద్దని వారిని ఒప్పించండి. ఎంపిక చేసిన ఊళ్లన్నిటిలో ముందుగా పిల్లల కొలతలు తీయించి, చీటీలు వేసి, సగం ఊళ్లలో ఈ ఏడాది, మిగతా సగంలో వచ్చే ఏడాది మొదలుపెట్టమనండి. దీనివల్ల ఏ బిడ్డకూ అన్యాయం జరగదు, డబ్బు ఎలాగూ అన్నిచోట్లకూ ఒకేసారి చాలదు, పైగా ఏడాది తిరిగేసరికి గట్టి పోలిక చేతికొస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 వరకు జరిగిన పరిశీలనకు బలం ఇలాంటి పోలిక వల్లే వచ్చింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం దశలవారీగా విస్తరిస్తున్న రోజులవి. అప్పటికే పథకం అందిన 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఉప్మా రూపంలో అదనపు ఆహారం పెట్టారు. పథకం ఇంకా అందని 14 గ్రామాలు పోలికకు నిలిచాయి. ఆ పిల్లలను కౌమారంలో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచినప్పుడు, ఆహారం అందిన గ్రామాలవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారని 2008లో ప్రచురించారు. పోల్చడానికి ఆ 14 గ్రామాలు లేకపోతే, ఆ పిల్లలు ఎత్తు పెరిగారని చెప్పగలిగేవారు గాని, ఎందువల్ల పెరిగారో చెప్పగలిగేవారు కాదు.

ఇక మీ కొలతల్లోకి వస్తాను. జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్లలు వేసవి సెలవుల్లో బడి భోజనం లేకుండా గడిపి వస్తారు. మార్చి నాటికి తొమ్మిది నెలల పాటు తిని ఉంటారు. ఈ రెండు నెలల మధ్య తేడాలో బడి భోజనం వాటా, ఉండ వాటా కలిసిపోతాయి. అందుకే జూన్‌కు జూన్‌తోనే పోలిక పెట్టమన్నాను.

ఇంకొకటి మీకు నాకన్నా బాగా తెలుసు. మీ ప్రాంతంలో పంట పనులు అయిపోయాక ఎన్నో కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళతాయి. మార్చిలో తూకానికి నిలబడినవారిలో ఆ పిల్లలు ఎందరు ఉన్నారు? జూన్‌లో 84 మందిని, మార్చిలో బడిలో మిగిలినవారిని తూచి రెండు సగటులను పక్కపక్కన పెడితే, వలస వెళ్లిన బక్కపిల్లలు లెక్కలోంచి జారిపోవడం వల్లనే సగటు పెరిగి ఉండవచ్చు. రెండుసార్లూ తూకానికి వచ్చిన పిల్లలను మాత్రమే ఒకరికొకరుగా పోల్చండి. రాలేనివారు ఎందరో, వారు జూన్‌లో ఎలా ఉన్నారో విడిగా రాయండి. నా దృష్టిలో ఆ చిన్న పేరా మీ నివేదికలో అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఈ కార్యక్రమం ఎవరికి అత్యవసరమో వారికే అందలేదేమోనన్న ప్రశ్న దానిలోంచే పుడుతుంది.

బరువుల దగ్గరకు వెళ్లేముందు పళ్లెం దగ్గరకు వెళ్లండి. మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వాడాలి. దాని నుంచి 450 కిలోకేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. మీ బడిలో 84 మందీ హాజరైన రోజున గిన్నెలో పడవలసిన కందిపప్పు ఒక కిలో 680 గ్రాములు. ముందుగా చెప్పకుండా మూడు వేర్వేరు రోజుల్లో పొయ్యి దగ్గర నిలబడి, పప్పు గిన్నెలో పడకముందు తూచండి. అది కిలో దగ్గరే ఆగిపోతుంటే, పిల్లల బరువు ఎందుకు పెరగలేదన్న చర్చకే చోటు లేదు. (వంట చేసే తల్లులను దొంగల్లా నిలబెట్టవద్దని మాత్రం వేడుకుంటున్నాను. సరుకు ఆలస్యంగా అందడం, బిల్లులు నెలల తరబడి రాకపోవడం వారి చేతిలో లేని విషయాలు. అవి కూడా మీ నివేదికలోకి రావాలి.) భోజనాలయ్యాక పళ్లేల్లో మిగిలినదాన్ని ఒక బకెట్‌లోకి తీయించి, అన్నం వేరుగా, కూర వేరుగా తూచండి. పిల్లలు ఏది వదిలేస్తున్నారో తెలిస్తే, వంట మార్చుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు.

వడ్డించినదంతా పిల్లలు తిన్నారని కూడా అనుకోకండి. కొన్నేళ్ల కిందట ఒక బడిలో భోజనవేళ వరండా గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. రెండో తరగతి పాప ఒకతె అన్నం తింటున్నది గాని గుడ్డు ముట్టలేదు. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచాక, నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, గుడ్డును దానిలో చుట్టి, సంచిలో పుస్తకాల మధ్య నలగకుండా పెట్టుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, ఇంట్లో తమ్ముడున్నాడని చెప్పింది. ఆ రోజు రిజిస్టర్‌లో గుడ్ల సంఖ్య హాజరు సంఖ్యతో సరిగ్గా సరిపోయింది, అందులో తప్పేమీ లేదు కూడా, గుడ్డు ఇచ్చిన మాట నిజమే. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి, అంటే ఆ పాపకు బడి ఇవ్వవలసిన 12 గ్రాముల్లో సగం. అది ఆ రోజు ఇంకో కడుపులోకి వెళ్లింది. ఆ పాపను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ తమ్ముడికి అంగన్‌వాడీ గుడ్డు అందుతోందా అని కనుక్కోవడం మాత్రం మన పని.

దీనికి దగ్గరదే మరొక సందేహం. సాయంత్రం బడిలో తింటున్నాడు కదా అని ఇంట్లో తిండి తగ్గిస్తే, బడిలో పెట్టినది అదనం కాదు, బదులు మాత్రమే అవుతుంది. మధ్యప్రదేశ్‌లో బడి భోజనం మీద ఫర్జానా అఫ్రిది చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. బడి ఉన్న రోజునా, లేని రోజునా గత 24 గంటల్లో బిడ్డ ఏమేం తిన్నదో అడిగి, రెండు రోజుల లెక్కను పోల్చారు. బడిలో అందిన పోషకాల్లో దాదాపు సగం నుంచి మొత్తం దాకా బిడ్డ రోజువారీ ఆహారానికి నికరంగా అదనమైనట్టు తేలింది, అంటే ఇంటి పళ్లెం అంతగా చిన్నదవలేదు. ఇదే పని మీరు 20 మంది తల్లులను కలిసి, ఒక మంగళవారం గురించి, ఒక ఆదివారం గురించి అడిగి చేయవచ్చు. "సరిగా తింటున్నాడా" అని అడగవద్దు. ఏ తల్లీ లేదని చెప్పదు. పొద్దున లేచింది మొదలు ఏం తిన్నాడు, ఎన్ని రొట్టెలు, ఏ గిన్నెతో ఎంత అన్నం అని వరుసగా అడగండి.

నివేదికలో ఏం రాయాలన్నారు. ఉండలు ఎన్ని రోజులు అందాయో, ఎందరు తిన్నారో, ఆటలకు ఎందరు నిలబడ్డారో, హాజరు ఎలా ఉందో తెలిసినంత మేరకు రాయండి. బరువు గురించి, "పిల్లల బరువు పెరిగింది, అయితే ఈ పెరుగుదల వయసువల్ల సహజంగా వచ్చేదానికన్నా ఎక్కువా కాదా అని చెప్పడానికి ఈ ఏడాది కొలతలు చాలవు" అని ఒకే వాక్యం రాయండి. ఆ వాక్యం చదివి దాతలు నిరుత్సాహపడతారని భయపడకండి. సొంత ఊరి పిల్లల కోసం డబ్బు పంపేవారికి నిజం వినే హక్కు ఉంది, వినే ఓపికా సాధారణంగా ఉంటుంది.

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ను. రెండేళ్లుగా పాలు, గుడ్లు, భోజనం క్రమం తప్పకుండా పెడుతున్నాను. అయినా ఎత్తు తక్కువ ఉన్న పిల్లలు ఫోన్ యాప్‌లో ఎర్ర గీతలోనే ఉన్నారు. సమీక్షలో మాట పడవలసి వస్తోంది. పైగా రక్తహీనత ఒక సర్వేలో ఎక్కువ, మరో సర్వేలో తక్కువ అంటారు. ఏది నమ్మాలి?

సమాధానం: అమ్మా, ఎత్తును బట్టి మీ రెండేళ్ల పనిని తూచడం న్యాయం కాదు. గిడసబారడం ఎక్కువగా తల్లి కడుపులో పడిన నాటి నుంచి రెండేళ్లు నిండేలోపు జరిగిపోతుంది. మూడేళ్లు దాటాక మీ దగ్గరకు వచ్చిన బిడ్డ ఎత్తు కొద్ది నెలల్లో మారదు. పైన చెప్పిన హైదరాబాద్ గ్రామాల్లో 14 మిల్లీమీటర్ల తేడా కనిపించింది గర్భం నుంచే ఆహారం అందిన పిల్లల్లో, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత. మీ శ్రమ త్వరగా కనిపించేది బక్కచిక్కిన పిల్లల్లో, అంటే ఎత్తుకు తగిన బరువు లేనివారిలో. వారి బరువు, జబ్బ చుట్టుకొలత వారాల్లోనే స్పందిస్తాయి. సమీక్షకు వెళ్లేటప్పుడు ఆ పిల్లల పట్టిక విడిగా తీసుకెళ్లండి. మీ దగ్గర గర్భిణిగా నమోదై, మీరే భోజనం పెట్టిన తల్లుల పిల్లలు ఇప్పుడు ఎలా ఉన్నారో ఇంకో పట్టిక వేయండి. మీ పని ఫలితం ఎత్తులో కనిపించాలంటే మొదట అక్కడే కనిపిస్తుంది.

కొలిచే తీరు కూడా చూసుకోండి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, రెండేళ్లు దాటాక నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. ఒకే బిడ్డను రెండు విధాలా కొలిస్తే పడుకోబెట్టిన కొలత సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. ఎలా కొలిచారో యాప్‌లో సరిగా నమోదు చేయకపోతే, రెండో పుట్టినరోజు దాటగానే బిడ్డ కుంగినట్టు కనిపిస్తుంది. నిలబెట్టినప్పుడు మడమలు, పిరుదులు, భుజాల వెనుక భాగం చెక్కకు ఆనాలి, చూపు నేరుగా ఉండాలి, జడ విప్పాలి. ఒకరు కాళ్లు పట్టుకుంటే ఇంకొకరు పలక దించాలి. నేను చూసిన ఒక కేంద్రంలో గోడ మీద కొలత పట్టీ బాగానే ఉంది గాని, పట్టీ అతికించిన తర్వాత కింద కొత్తగా బండలు పరిచారు. ఆ ఏడాది కేంద్రంలోని పిల్లలందరూ ఒక్కసారిగా ఎత్తు పెరిగారు. ఎవరూ మోసం చేయలేదు, పట్టీని మాత్రం ఎవరూ మళ్లీ చూడలేదు. మీ కేంద్రంలోనూ నేల నుంచి 100 సెంటీమీటర్ల గుర్తు దాకా ఒకసారి టేపుతో కొలిచి చూసుకోండి.

రక్తహీనత గురించి అడిగారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2015-16లో దేశంలోని ఐదేళ్ల లోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దాదాపు వెంటనే, 2016-18లో, పిల్లల పోషణ మీదే ప్రత్యేకంగా జరిగిన మరో జాతీయ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతంగా వచ్చింది. మధ్యలో దేశం బాగుపడిపోలేదు. మొదటి సర్వేలో వేలిని పొడిచి తీసిన రక్తపు చుక్కను పరీక్షించారు, రెండోదానిలో నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షించారు. రెండు అంకెల మధ్య తేడాకు ఒక ముఖ్య కారణం అదే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు వచ్చిన 70 శాతం కూడా వేలి రక్తంతో తేల్చినదే. దాన్ని అదే పద్ధతిలో తీసిన పాత అంకెతోనే పోల్చాలి. మీ మండలంలో ఐరన్ సిరప్ ఫలితం చూడాలనుకుంటే, మొదటిసారి ఏ పరికరం, ఏ పద్ధతి వాడారో రెండోసారీ అదే వాడమని వైద్య సిబ్బందిని అడగండి.

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల పీఈటీని. పిల్లలకు వారానికి ఐదు ఆటల పీరియడ్లు ఉండేలా టైంటేబుల్ మార్పించాను. ఏడాది చివర 600 మీటర్ల పరుగులో అందరి సమయం మెరుగుపడింది. ఇది చాలదా?

సమాధానం: మాస్టారూ, టైంటేబుల్‌లో ఐదు పీరియడ్లు సాధించడమే చిన్న పని కాదు. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సారుకు మొదట అప్పగించేది ఆటల పీరియడే అని మనందరికీ తెలుసు. అందుకే ముందు లెక్కించవలసింది, ఉన్న పీరియడ్లలో నిజంగా జరిగినవి ఎన్ని అన్నది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆ సంఖ్య విడిగా రాసుకోండి.

తర్వాత చూడవలసింది, జరిగిన పీరియడ్‌లో బిడ్డ ఎన్ని నిమిషాలు కదిలింది అని. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేలా శ్రమించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలం చేకూర్చే ఆటలుండాలని కూడా అంటోంది. మన పీరియడ్ 45 నిమిషాలు అనుకుందాం. వరుస కట్టడం, హాజరు, జట్లు విడదీయడం, బంతి తేవడం, మళ్లీ వరుస కట్టడం పోగా మిగిలేదెంతో ఒకసారి గడియారం పెట్టి చూడండి. దీనికో సులువైన పద్ధతి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. తరగతి మొదలవకముందే నలుగురైదుగురు పిల్లలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, పది సెకన్లు ఒక బిడ్డను చూడాలి, తర్వాతి పది సెకన్లలో ఆ బిడ్డ పడుకుందా, కూర్చుందా, నిలబడిందా, నడుస్తోందా, అంతకన్నా గట్టిగా శ్రమిస్తోందా అని రాసుకోవాలి. పీరియడ్ ముగిసేసరికి మొత్తం గుర్తుల్లో నడక, గట్టి శ్రమ కలిపి సగానికి తగ్గకూడదు. ఈ పని మీరు చేయవద్దు, ఆడించేవారే గుర్తులు వేయలేరు. ఇంకో ఉపాధ్యాయుడిని కూర్చోబెట్టండి.

కబడ్డీ ఆడిస్తే కోర్టులో 14 మంది, గీత చుట్టూ ముప్పై మంది. వేపచెట్టు కింద కూర్చున్న ఆడపిల్లలను మన వాళ్లు "చూస్తున్నారు" అని రాస్తారు. తొమ్మిది, పదో తరగతి అమ్మాయిల గుర్తులను విడిగా కూడండి. నా అనుభవంలో బడి మొత్తం సగటు బాగున్న చోట కూడా ఆ గడి దాదాపు ఖాళీగా ఉంటుంది. మరుగుదొడ్డి, నెలసరి రోజుల్లో వసతి, చున్నీతో పరుగెత్తవలసి రావడం, గేటు దగ్గర నిలబడి చూసే కుర్రాళ్లు, వీటి గురించి ఆ అమ్మాయిలనే అడగండి. ఒక మహిళా టీచర్ అడిగితే ఇంకా మంచిది.

600 మీటర్ల పరుగు సంగతి. మొదటిసారి పరుగెత్తే బిడ్డ తొలి వంద మీటర్లలోనే శక్తినంతా ఖర్చు చేసి, చివర నడుస్తుంది. రెండోసారికి ఎలా పరుగెత్తాలో తెలిసిపోతుంది. వయసు కూడా ఏడాది పెరిగింది. కనుక మొదటి కొలతకు ముందే ఒక అభ్యాస పరుగు పెట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేయండి. ఈ ఏడాది ఎనిమిదో తరగతిని నిరుటి ఎనిమిదో తరగతితో, అదే నెలలో, పొద్దున అదే సమయానికి పోల్చండి.

మీరు పరిశీలించదగిన ఒక ఆలోచన ఉంది. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాల 2012లో, పిల్లలు రోజూ 15 నిమిషాలు ఆవరణలో తమకు నచ్చిన వేగంతో పరుగెత్తడమో నడవడమో చేసే అలవాటు మొదలుపెట్టింది. ప్రత్యేక దుస్తులు వద్దు, పోటీ లేదు. దాని మీద 2018లో ప్రచురితమైన అధ్యయనంలో పిల్లలు రోజుకు తొమ్మిది నిమిషాలు ఎక్కువ శ్రమించినట్టు కనిపించింది. వినడానికి బాగుంది, నాకూ ఇష్టమే. అయితే అందులో పోల్చినది ఒక బడితో మరొక బడిని మాత్రమే. రెండు బడుల మధ్య తేడా ఆ పరుగు వల్లే వచ్చిందా, ఒక మంచి టీచర్ వల్ల వచ్చిందా అన్నది దానితో తేలదు. మీ మండలంలో నలుగురైదుగురు పీఈటీలు కలిస్తే అంతకన్నా గట్టి పరిశీలన మీరే చేయగలరు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. మా జిల్లా పాఠశాలల ఆరోగ్య సలహా మండలిలో తల్లిదండ్రుల తరఫున నన్ను సభ్యుడిగా తీసుకున్నారు. ఆహారం, వ్యాయామం కలిపిన ఒక కార్యక్రమాన్ని కొనసాగించాలా వద్దా అన్న చర్చ నడుస్తోంది. మూడేళ్లయినా పిల్లల బరువుల్లో మార్పు లేదు కనుక ఆపేద్దామని కొందరంటున్నారు.

సమాధానం: మీరున్న రాష్ట్రానికే సంబంధం ఉన్న ఒక పెద్ద అధ్యయనం ఈ చర్చకు పనికొస్తుంది. 1991 నుంచి 1994 వరకు టెక్సస్, కాలిఫోర్నియా, లూసియానా, మిన్నెసోటా రాష్ట్రాల్లోని 96 ప్రాథమిక పాఠశాలల్లో, 56 బడుల్లో కార్యక్రమం నడిపి, 40 బడులను పోలికకు ఉంచి, మూడో తరగతి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలను గమనించారు. దాని పేరు క్యాచ్. కార్యక్రమం నడిచిన బడుల్లో మధ్యాహ్న భోజనంలో కొవ్వు నుంచి వచ్చే శక్తి 38.7 శాతం నుంచి 31.9 శాతానికి దిగింది. పోలిక బడుల్లో 38.9 నుంచి 36.2కి మాత్రమే తగ్గింది. వ్యాయామ తరగతుల్లో పిల్లలు ఎక్కువ కదిలారు. కానీ కొలెస్టరాల్‌లో, రక్తపోటులో, శరీర కొలతల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్ని వైఫల్యమని ఆపేసి ఉండవచ్చు. మూడేళ్ల తర్వాత, పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చాక మళ్లీ చూస్తే, ఆహారపు అలవాట్లలో, వ్యాయామంలో ఆ తేడా ఇంకా కొంత నిలిచే ఉంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. బరువు ఒక్కదాన్నే గీటురాయిగా పెట్టుకుంటే బడి చేయగలిగిన మంచి పనులన్నీ ఓడిపోయినట్టే కనిపిస్తాయి, ఎందుకంటే బిడ్డ జీవితంలో బడి చేతిలో ఉన్నది ఒక పూట భోజనం, కొన్ని నిమిషాల ఆట మాత్రమే. అరిజోనా, న్యూమెక్సికో, సౌత్ డకోటాల్లో మూలవాసుల పిల్లల కోసం 41 బడుల్లో మూడేళ్లు నడిచిన మరో కార్యక్రమంలోనూ బడి భోజనంలో కొవ్వు తగ్గింది గాని, పిల్లల శరీరంలోని కొవ్వు శాతంలో తేడా రాలేదు. ఈ రెండూ కలిపి చూస్తే, బడి తన వాటా చేసిందా అన్నది ఒక ప్రశ్న, బడి వాటా మాత్రమే చాలుతుందా అన్నది వేరే ప్రశ్న అని అర్థమవుతుంది. మండలి సమావేశంలో ఈ రెంటినీ కలపనివ్వకండి. వంటశాల కొనుగోళ్ల జాబితా, పిల్లలు పారేస్తున్న పండ్లు, వ్యాయామ తరగతిలో కదలిక నిమిషాలు, ఇవి మూడేళ్లలో మారాయా అని అడగండి. అవే మారకపోతే ఆపేయమనే వాదనలో బలముంది. అవి మారి బరువు మారకపోతే, కార్యక్రమానికి ఇంటివైపు నుంచి ఏం తోడవ్వాలో ఆలోచించమనండి.

ప్రశ్న: విశాఖపట్నంలో మా పాప మూడో తరగతి, ఎనిమిదేళ్లు. బడిలో ఫిట్‌నెస్ కార్యక్రమం పేరిట అందరి ముందు తూచి, బరువులు పైకి చదివారు. పాప కార్డులో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 15.8 అని వేసి, పక్కన "బరువు తక్కువ" అని ఎర్రగా రాశారు. రోజూ పాలలో ఒక పొడి కలిపి ఇవ్వమన్నారు. పాప బడికి వెళ్లనని ఏడుస్తోంది.

సమాధానం: ముందుగా మీ పాప గురించి. పెద్దవాళ్ల కొలబద్దను పిల్లలకు వాడటం వల్ల జరిగిన తప్పు ఇది. పెద్దవాళ్లలో బీఎంఐ 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువ అంటారు. పిల్లల్లో ఆ గీత వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎనిమిదేళ్ల ఆడపిల్లకు మధ్యస్థ బీఎంఐ 15.7. మీ పాప దాదాపు సరిగ్గా నడిమధ్యన ఉంది. ఆ కార్డు చూసి పొడి కొనవలసిన పనిలేదు. ఆ బడి వేసిన కార్డులన్నీ ఇదే లెక్కతో వేసి ఉంటే, మూడో తరగతిలో చాలామంది ఆరోగ్యవంతులైన పిల్లలు ఎర్ర అక్షరాలతో ఇంటికెళ్లి ఉంటారు, నిజంగా బరువు ఎక్కువైన కొందరు "సరిపడా" అన్న గడిలో కూర్చుని ఉంటారు.

బరువు పైకి చదవడం గురించి. ఒక కార్యక్రమం వల్ల మేలు జరిగిందా అని చూసేవారు కీడు జరిగిందా అని కూడా అదే శ్రద్ధతో చూడాలి. తూకం రోజున గైర్హాజరు ఎంత, తర్వాతి వారంలో భోజనం వదిలేస్తున్న పిల్లలున్నారా, పిల్లల మధ్య పేర్లు పెట్టి పిలవడం మొదలైందా అన్నవి మూల్యాంకనంలో భాగమే. తూకం తెర వెనుక, ఒక్కొక్కరినే పిలిచి, అంకె పైకి చెప్పకుండా రాసుకుని, తల్లిదండ్రులకు మూసిన కవరులో పంపడానికి బడికి పెద్ద ఖర్చేమీ కాదు.

పాపతో ఈ రాత్రే మాట్లాడండి. కార్డులో లెక్క తప్పు వేశారని, తప్పు వేసింది పెద్దవాళ్లని చెప్పండి. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి కార్డు సరిచేసి ఇవ్వమని అడగండి. పాప వయసు ఏళ్లలో కాకుండా నెలలతో సహా రాయండి, ఎందుకంటే పట్టికలో చూడవలసినది నెలల గడినే. మీ తరగతిలోని మరో ఇద్దరు ముగ్గురు తల్లులను కూడా కలిసి వారి కార్డులు చూడమనండి, వారి పిల్లల వయసుకూ పట్టిక తీసి పోల్చండి, ఉత్తరం కింద వారి సంతకాలు కూడా పెట్టించండి.